ఐదు సెకన్లు చాలని మనిషి

మార్చి పదకొండో తేదీ. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, ఒకవైపు మాడిన రొట్టె తిన్నాను. మాడిన వైపు కిందికి పెట్టుకుంటే మంచి వైపే కనిపిస్తుంది. అంతలో లిఫ్టులు బాగుచేసే మా బావమరిది సంచీ తగిలించుకుని వచ్చేశాడు.

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ మా ఆవిడది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు పాత లినక్సు. అందులో ఆవిడ పేకముక్కల ఆట ఉంది. గెలిచినవి నాలుగు వందల పద్దెనిమిది, సగంలో ఆపింది ఒకటి. ఆవిడ పోయి రెండేళ్లు. రోజూ సాయంత్రం ఆ ఆట తెరిచి చూస్తాను, ముక్క మాత్రం కదపను. ఇప్పుడు నా పనులకని పక్కనే కొత్త లినక్సు వేయించాను. పాతది పోకూడదు. నేను అడిగింది అదొక్కటే.

"బూట్ లోడర్ అంటే లిఫ్టులో కూర్చునే మనిషనుకో బావా. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ అంతస్తుకని అడుగుతాడు. గ్రబ్ అనేవాణ్ణి పెడతాను, పాతకాపు."

"ఆ గ్రబ్ వట్టి వాగుడుకాయ," అంది కట్టుడుపళ్లు తయారుచేసే మా అమ్మాయి. "సిస్టమ్‌డీ-బూట్ పెట్టు మావయ్యా. నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది."

"నీ పళ్ల సెట్టులాగా? నోట్లో పెట్టుకునేదాకా బాగానే ఉంటుంది."

"నీ లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి పనికొస్తాయిలే, నిన్ను కొరకడానికి."

సంచీ వాడిది కాబట్టి గ్రబ్ గెలిచింది. తెర మీద పాతదీ కొత్తదీ రెండు వరుసలు, ఎంచుకోవడానికి ఐదు సెకన్ల గడువు. కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాను. అది నెత్తిమీద ఉంది. దించేలోపు కొత్త లినక్సులోకి వెళ్లిపోయింది. రెండోసారి అద్దాలు తుడవాల్సి వచ్చింది. మూడోసారి తుమ్మాను.

"ఐదు ఎక్కువే బావా. మా లిఫ్టు తలుపు నాలుగుకే మూసుకుంటుంది."

"అందుకే నాన్న మీ ఇంటికొస్తే మెట్లెక్కుతారు," అంది అమ్మాయి. "గ్రబ్ తీసేసి రిఫైండ్ పెడదాం. అందులో బొమ్మలుంటాయి, కళ్లజోడే అక్కర్లేదు."

నా కొత్తదానికి కాఫీ కప్పు బొమ్మ, వాళ్లమ్మ పాతదానికి గొడుగు బొమ్మ పెట్టింది. ఎండైనా వానైనా గొడుగు లేకుండా ఆవిడ గడప దాటేది కాదు.

"ఎంతసేపైనా ఆగమను," అన్నాను.

"దానికి మైనస్ ఒకటి వెయ్యాలి. గ్రబ్‌లో ఎన్నిసార్లు వేశానో!" అంటూ వాడు ధీమాగా అదే అంకె ఇక్కడా వేశాడు.

ఆన్ చేశాం. గొడుగూ లేదు, కప్పూ లేదు. సరాసరి కొత్త లినక్సు. మళ్లీ ఆన్ చేశాం. మళ్లీ అంతే. "అక్క ఆట..." అన్నాడు వాడు. "పరవాలేదులే," అన్నాను, కుర్చీ వెతుక్కుంటూ.

అమ్మాయి ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండో చేత్తో ఫోనులో వివరాలు చదివింది.

"మావయ్యా! ఇందులో మైనస్ ఒకటంటే అస్సలు ఆగొద్దని. ఎప్పటికీ ఆగాలంటే సున్నా వెయ్యాలి."

"సున్నా అంటే ఆగడమా? బుద్ధున్నవాడెవడైనా..."

"నీకు లేదుగా, వెయ్యి."

వేశాడు. గొడుగు, కప్పు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. నేను కావాలనే కళ్లజోడు తీసి, తుడిచి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. గొడుగు అక్కడే ఉంది. నేను తాళంచెవి వెతుక్కునేదాకా మా ఆవిడా ఇలాగే గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడేది. కాకపోతే సణిగేది. ఇది సణగదు.

గొడుగు మీద నొక్కాను. నాలుగు వందల పద్దెనిమిది. సగం ఆట, ఆవిడ వదిలినట్టే.

"ఆ రాణిని అటు జరిపితే..." అని బావమరిది వేలు చాపాడు. అమ్మాయి వాడి చేతిమీద ఒక్కటిచ్చింది.

ఆ రాత్రి పడుకోబోతూ అమ్మాయి నా గదిలోకి తొంగి చూసింది. నేను కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, ఏదీ నొక్కకుండా కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారు నాన్నా?"

"ఆగుతుందో లేదోనని."

"ఆగుతోందా?"

"ఇరవై నిమిషాలైంది."

అది నవ్వి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.