మూడున్నరో అంతస్తు

ముప్పై మూడేళ్ళుగా ఊళ్ళో లిఫ్టులన్నిటినీ తనిఖీ చేసినవాడికి నాలుగు దేశాలను తనిఖీ చేయడం ఒక లెక్కా అనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది. ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే భార్య కూడా ఆ ఏడే పని మానేస్తోంది. మిగిలిన కాలం ఏదైనా పరాయి దేశంలో గడుపుదామన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు. అంతా సవ్యంగా సాగిన రోజున అది తన ఆలోచనేనని ఇన్‌స్పెక్టరు అనేవాడు. పేచీ వచ్చిన రోజున ఆవిడదయ్యేది.

దేశాల ఎంపికకు ఆఫీసు తనిఖీ ఫారాన్నే వాడాడు. 'తలుపులు' కొట్టేసి 'వాతావరణం' అని రాశాడు. 'తాళ్ళు' కొట్టేసి 'ఆసుపత్రులు', 'బ్రేకులు' కొట్టేసి 'పొరుగువాళ్ళు' అని రాశాడు. 'అత్యవసర గంట' అన్నదాన్ని మాత్రం అలాగే ఉంచి, దాని ఎదురుగా అక్కణ్ణుంచి కూతురింటికి విమానంలో ఎన్ని గంటలో వేశాడు. మంచు దేశాన్ని ఆవిడ మోకాళ్ళు తోసిపుచ్చాయి. రెండో దేశం ఫొటోల్లో పాతకాలపు ఇనుప తలుపుల లిఫ్టు కనబడేసరికి ఆయన పెదవి విరిచాడు. మనం వెళ్ళేది ఉండడానికా, ఎక్కి దిగడానికా అని ఆవిడ అడిగినా లాభం లేకపోయింది. మూడోదాని గురించి ఆవిడ తమ్ముడు గంటసేపు ఊదరగొట్టాడు. అతగాడు ఆ దరిదాపులకైనా పోలేదని తేలడంతో దాన్నీ పక్కన పెట్టారు. మిగిలింది సముద్రపు ఒడ్డు దేశం.

వాళ్ళుండే ఊళ్ళోనే పంటి డాక్టరుగా ఉన్న కూతురు ఈ సంగతి విని నివ్వెరపోయింది. "పిల్లలు చెప్పాపెట్టకుండా పోతారంటారు గానీ, మీరిద్దరూ నన్నొదిలేసి పోవడమేంటి నాన్నా?" అంది. రెండు రోజులు అలిగింది. మూడో రోజు కొలతల టేపు తెచ్చి, తన పేషెంట్ల కుర్చీ పడుతుందో లేదోనని వాళ్ళ పడకగది పొడవూ వెడల్పూ కొలుచుకుపోయింది.

ఆ దేశంలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దమైన ఊరు ఒకటుందని ఎక్కడో చదివి, ఇన్‌స్పెక్టరు దానికి పదికి పది మార్కులేశాడు. పాపం, రోజంతా చెవులతో పని చేసి అలసిపోయిన మనిషి, కాస్త ప్రశాంతత కావాలి కదా అని ఆయన లెక్క. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మీకు బాగుంటే నాకూ బాగున్నట్టే అంది. అప్పుడే ఆయనకు అనుమానం రావలసింది. కాపురంలో ఆ మాట అంతకుముందు మూడే సార్లు అంది. మూడు సార్లూ ఏడాది తిరక్కుండా ఇల్లు మారాల్సి వచ్చింది.

ఇల్లు చూసుకు రావడానికి పది రోజుల సెలవు పెట్టి ఇద్దరూ బయలుదేరారు. ప్రయాణంలో ఎక్కడా ఏ లిఫ్టు డబ్బా మూతా విప్పనని ఆయన చేత ఆవిడ ఒట్టు వేయించుకుంది.

అక్కడ ఇళ్ళ ఏజెంటు ఒక సన్నపాటి అమ్మాయి. గుత్తెడు తాళంచెవులు, గుక్క తిప్పుకోని మాటలు. మూడో రోజున వాళ్ళను సముద్రానికి ఎగువన ఉన్న ఆరంతస్తుల భవనానికి తీసుకెళ్ళింది. వసారా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తన చెప్పుల చప్పుడుకు తనే సిగ్గుపడి ఇన్‌స్పెక్టరు మునివేళ్ళ మీద నడిచాడు. పై అంతస్తులో ఇల్లు అద్దంలా ఉంది. బాల్కనీలోంచి సముద్రం ఇస్త్రీ చేసినట్టు కనిపించింది. ఆయన గోడలు కొట్టి చూశాడు, కుళాయిలు తిప్పి చూశాడు. భార్య కాసేపు బాల్కనీలో నిలబడి, బాగుంది అంది. ఎంత బాగుందని అడిగితే, చాలా అని లోపలికొచ్చి కూర్చుంది.

దిగేటప్పుడు లిఫ్టులో అతికించిన పత్రం మీద ఆయన చూపు పడనే పడింది. తనిఖీ గడువు తీరి పద్నాలుగు నెలలైంది. నోరు విప్పబోయాడు. భార్య కళ్ళు చూసి మూసుకున్నాడు. అయిదో అంతస్తులో చేతికర్రతో ఒక ముసలావిడ, ఆవిడ వెంట ఒక బొచ్చుకుక్క ఎక్కారు. నాలుగు దాటి, మూడు రాకముందే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఏజెంటు ముఖం పాలిపోయింది. ఇన్‌స్పెక్టరు ముఖంలోకి మాత్రం పెళ్ళికళ వచ్చేసింది. కోటు జేబులోంచి చిన్న టార్చీ, స్క్రూడ్రైవరు బయటికి తీశాడు.

"అవి సూట్‌కేసులో పెట్టొద్దన్నానా?" అంది భార్య.

"సూట్‌కేసులో ఎక్కడ పెట్టాను? జేబులో పెట్టుకున్నా."

తీరా తీశాక ఆయనకే ఉద్యోగధర్మం గుర్తొచ్చింది. ఆగిన లిఫ్టులో ఉన్నవాళ్ళు దేన్నీ ముట్టుకోకూడదని వేల మందికి చెప్పినవాడాయన. ఇప్పుడు తనకు తానే చెప్పుకుని స్క్రూడ్రైవరు మళ్ళీ జేబులో వేసుకోవలసి వచ్చింది. ఏజెంటు ఫోను చేస్తే, మెకానిక్కు పక్క ఊరి నుంచి రావాలని, గంట పడుతుందని చెప్పారు. నలుగురూ కింద చతికిలబడ్డారు. కుక్క ఇన్‌స్పెక్టరు ఒళ్ళో చేరింది.

అందరిలోకీ ముసలావిడే హుషారుగా ఉంది. ఆవిడ మాటలు ఏజెంటు ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే విషయం తెలిసింది. ఆవిడ తొమ్మిదేళ్ళ కిందట భర్తతో ఇక్కడికి ప్రశాంతత కోసమే వచ్చింది. భర్త పోయాక ఆ ప్రశాంతత అంతా ఆవిడ ఒక్కదాని వాటాకే వచ్చిపడింది. భవనం నిండా అలా వచ్చినవాళ్ళే. ఎవరి తలుపు వాళ్ళు మెత్తగా వేసుకుంటారు. నలుగురితో మాట్లాడే అవకాశం లిఫ్టు ఆగినప్పుడే వస్తుందిట. అందుకే దాన్ని బాగుచేయించమని ఎవరూ ఫిర్యాదు చేయరు. పోయినసారి ఆగినప్పుడు ఆవిడ రెండు గంటలు పేకాడింది కూడా.

భార్య కడుపు పట్టుకుని నవ్వింది. విమానం దిగాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారని ఇన్‌స్పెక్టరుకు అప్పుడు తట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.

"నాకిక్కడ వద్దండీ."

"అదేంటి? నీకు ప్రశాంతంగా ఉంటే ఇష్టం కదా?"

"ఎవరు చెప్పారు మీకు? రోజుకి ఎనిమిది గంటలు చెవి పరీక్షల కోసం ఆ చప్పుడు చొరని గాజు గదిలో కూర్చుంటా. నా ఊపిరి నాకే వినిపిస్తుంది. ఇంటికొస్తే మీరేమో రేడియో కట్టేసేవారు."

"నువ్వు అలిసిపోయొచ్చావని కట్టేసేవాణ్ణి."

"మీకు గోల పడదేమోనని నేనూరుకున్నా."

ఇన్‌స్పెక్టరు కుక్క చెవులు నిమిరాడు. తర్వాత, "మోటారు గదుల్లో బతికినవాణ్ణి. చప్పుడు ఆగిందంటే ఏదో పాడైందనిపిస్తుంది నాకు" అన్నాడు.

వీళ్ళ భాష తెలియని ఏజెంటు, దెబ్బలాడుకుంటున్నారేమోనని ముసలావిడను అడిగింది. ముసలావిడ ఉష్ అని ఆపి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవులు రిక్కించి వింది.

అసలు ఊరొదిలి రావాలని మీకెందుకనిపించిందని భార్య అడిగింది. అక్కడ ప్రతి లిఫ్టులోనూ తన సంతకం ఉందన్నాడు. వచ్చే ఏడాది నుంచి వాటి మీద ఇంకొకరి సంతకం ఉంటుంది. ఎక్కినప్పుడల్లా అది చూస్తూ నిలబడాలి. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, ఫారంలో దీనికి గడీ లేదు. ఆవిడ వేళాకోళం చేస్తుందేమో అనుకున్నాడు. చేయలేదు. కొంచెం జరిగి ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"అయితే లిఫ్టు లేని ఇల్లు చూద్దాం" అంది.

"మరి నీ మోకాళ్ళు?"

"రెండంతస్తుల దాకా పనికొస్తాయి లెండి."

గంటన్నరకు మెకానిక్కు వచ్చి లిఫ్టును మూడో అంతస్తుకు దించాడు. ఇన్‌స్పెక్టరు అతనితో చేయి కలిపి, గడువు తీరిన పత్రాన్ని వేలితో చూపించాడు. ముసలావిడ గబుక్కున ఆ వేలికి తన చేతికర్ర అడ్డం పెట్టింది.

మరి ఎలాంటి ఇల్లు కావాలని ఏజెంటు నీరసంగా అడిగింది. గోల ఉన్న ఇల్లు అన్నాడాయన. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పించుకుంది. మర్నాడు సిగ్గుపడుతూనే రేవు బజారులో రెండో అంతస్తు ఇల్లు చూపించింది. కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు, ఎదురుగా బడి, పక్కవాటాలో బాకా నేర్చుకునే పెద్దమనిషి. ఏజెంటు అలవాటుకొద్దీ కిటికీలు మూస్తూ పోతుంటే, భార్య వెనకే తెరుచుకుంటూ వెళ్ళింది. గది మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడి, ఎడమ చెవికి బడి, కుడి చెవికి సైకిళ్ళు, రెండూ సమంగా వినపడుతున్నాయని తేల్చింది. ఆ సాయంత్రమే ఖాయం చేసుకున్నారు.

ఏడాది తిరిగేసరికి అందులోకి మకాం మార్చారు. ముసలావిడ వారానికోసారి కుక్కతో సహా వచ్చి, ఇక్కడ తనకు మాట్లాడే సందే దొరకడం లేదని సంతోషంగా సణుగుతుంది. చూడ్డానికొచ్చిన కూతురు మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని మూడు రోజులుండి పోయింది.

మొన్నొకరోజు కింది వాటా దర్జీ నిఘంటువు చేత పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పొద్దస్తమానం మీ ఆయన మీ మీద కేకలేస్తున్నాడు, అంతా క్షేమమేనా అని, ఒక్కో మాటే వెతుక్కుంటూ అడిగింది. భార్య ఆ నిఘంటువు తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, ఈ గోలలో ఆయన అరిచి అడిగేది ఇదేనని ఒక మాట మీద వేలు పెట్టి చూపించింది.

ఉప్పు.