ఎల్లాజీ పాచిట్టి

ఔటర్ హార్బరులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే చోట, మధ్యాహ్నం సైరన్ మోగగానే మనుషులంతా ఒకే రంగులో బయటికొచ్చేవారు. తల నుంచి పాదం దాకా ఎర్రదుమ్ము. ఓడలు కడగడానికి నీళ్లుండేవి గానీ వాళ్ల చేతులు కడుక్కోవడానికి ఉండేవి కావు.

అందుకే గేటు బయట తవిటమ్మ కొట్టు నడిచింది. హార్బరు కట్టిన రోజుల్లో ఆమె ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో వంట చేసింది. ఆయన తాతలు గనుల్లో దిగినవాళ్లు. వాళ్ల తిండిని దొరసాని ఈమెకు నేర్పింది. మైదా రొట్టెలో మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి, సగానికి మడిచి, అంచుని తాడులా మెలేసి కాల్చాలి. మురికి చేత్తో ఆ అంచు పట్టుకుని తిని, చివరికి అంచు పారేయాలి. తవిటమ్మ అందులో అల్లం, పచ్చిమిర్చి కూడా దంచి వేసింది. అప్పుడుగానీ అది మనుషులు తినే తిండి కాలేదు.

దొరసాని దాన్ని పాస్టీ అనేది. భీమిలి వాళ్లు పేస్టీ అన్నారు, తగరపువలస వాళ్లు పాట్టీ అన్నారు. జాలరిపేట ఎల్లాజీ ఒక్కడే పాచిట్టి అనేవాడు. విని నవ్విన గుమాస్తాలు టిఫిను డబ్బాల్లో చల్లన్నం తినేవారు.

ఎవరి రొట్టె మీద వాళ్ల గుర్తు గీసేది తవిటమ్మ. ఎల్లాజీది చేపతోక. పొద్దున్న కాల్చినవి మధ్యాహ్నానికి రాళ్లలా చల్లబడేవి. ఎవడిది వాడు తన నోటితో, తన తీరున పిలిస్తే చాలు, వేడెక్కి ఆవిరి కక్కేది. ఇంకొకడు పిలిస్తే ఉలికేది కాదు. ఇందులో ఎవరికీ వింత కనపడలేదు. వేడెక్కడం ఆలస్యమైతే మాత్రం తవిటమ్మని తిట్టేవారు.

డెబ్బై తొమ్మిదిలో ఒక సెలవు రోజున ఎల్లాజీ తన బావమరిది తెప్పని తీసుకుని ఒంటరిగా వేటకెళ్లాడు. సాయంత్రానికి గాలి తిరిగింది. తెప్ప రాలేదు. పేట పడవలు గాలివాలున ఉత్తరంగా, రెండు రోజులు భీమిలి దాటి మరీ వెతికి, వట్టి చేతులతో తిరిగొచ్చాయి.

పేట పెద్ద తాతబాబు ఎల్లాజీ పెళ్లాం పోతమ్మ గుమ్మంలో కూలబడ్డాడు. "ఇంక ఆపేద్దారమ్మీ. నీ గాజులు తీసే పని సూడాల."

అప్పుడే తవిటమ్మ వచ్చింది, చేతిలో చేపతోక గుర్తున్న రొట్టెతో. "రోజూ సేసేదాన్ని కదా, సెయ్యి ఆగట్లేదే," అంటూ పోతమ్మ ఒళ్లో పెట్టింది.

చల్లటి రొట్టె. చూస్తుండగానే దాని మీంచి ఆవిరి లేచింది.

"మావా, నువ్వు గానీ పిలిసేవా?" అంది పోతమ్మ.

"నాను పిలిత్తే లేత్తదేటి? అది ఆడిది."

"మరైతే ఎవుడు పిలుత్తన్నాడు?"

గాలి దక్షిణం నుంచి వీస్తోంది. ఆవిరి మాత్రం గాలికెదురుగా దక్షిణానికే వాలింది.

"పడవ దింపండి. నానూ వత్తాను," అంటూ లేచింది పోతమ్మ.

"ఆడది పడవెక్కితే గంగమ్మకి కోపమొత్తాది."

"గంగమ్మా ఆడదే కద మావా. ఇన్నాళ్లూ మగోళ్లే ఎక్కేత్తన్నారనేమో ఆ కోపం."

పోతమ్మ పడవ ముందు కూర్చుని రొట్టెని కొంగులో పట్టుకుంది. ఆవిరి ఎటు వాలితే అటు తెడ్లు పడ్డాయి. అచ్యుతాపురం వైపు తీరం దాటాక అది సన్నబడింది. తర్వాత ఆగిపోయింది. తెడ్లూ ఆగాయి. ఎవరూ ఆమె మొహం చూడలేదు.

"లాగండి," అంది పోతమ్మ. "ఆడికి నోరెండిపోయుంటాది. ఊపిరి తీసుకోనీండి."

చాలాసేపటికి కొంగు మళ్లీ కాలింది. ఎదురుగా నీళ్లలో బోర్లాపడ్డ తెప్ప, దాన్ని కరుచుకుని ఎల్లాజీ. పెదాలు పగిలి ఉప్పు కట్టాయి. తాతబాబు విసిరిన తాడు పట్టుకుని, పెళ్లాన్ని చూసి నోరు తెరిచాడు.

"పోతీ... పాచిట్టి..."

"అరవకు," అంది పోతమ్మ, వాడి రెక్క పట్టి పడవలోకి లాగుతూ. "పేట కాణ్ణించీ ఇంటానే వత్తన్నాను."