గీతకు ఈ పక్క

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, అమ్మమ్మ, నేను, వెర్నా. వెర్నాను ఇంటివాళ్లతో కలిపి చెప్పడం నాకిష్టం లేదు. కానీ మంచుకు పొలాల దారులు మూసుకుపోయినప్పటి నుంచి, ఊరవతల పొలంలో ఇల్లున్న తను మా ఇంట్లోనే ఉంటోంది. నా గదిలోనే, కిటికీ పక్క మంచం మీద పడుకుంటోంది. ఆ మంచం నాది.

నాన్న మా హైస్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. ఒకప్పుడు ఆయనకు రెండు ఆటలు అన్నం పెట్టాయి. వేసవిలో బేస్‌బాల్, చలికాలంలో బాస్కెట్‌బాల్. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుడే. అమ్మ ఆయన పెట్టెలో బట్టలు మార్చేదే తప్ప పెట్టె ఖాళీ చేసేది కాదట. మోకాలు దెబ్బతిన్నాక అయోవా రాష్ట్రంలోని ఈ ఊరికి వచ్చాడు. ఆడపిల్లల కోచ్‌వి అయ్యావేంటని పాత స్నేహితులు ఎగతాళి చేస్తారు. మా ఆట ఉన్న సాయంత్రం ఈ ఊళ్లో మంగలి షాపు కూడా మూసేస్తారని వాళ్లకు తెలియదు.

మా ఆటలో జట్టుకు ఆరుగురు. మైదానం మధ్యలో గీత. ఫార్వర్డ్‌లు ముగ్గురూ ఆ పక్క ఉండి బంతి బాస్కెట్‌లో వేస్తారు. గార్డులు ముగ్గురం ఈ పక్క ఉండి అవతలి జట్టును అడ్డుకుంటాం. గీత ఎవరూ దాటకూడదు. నేను గార్డుని. ఎన్ని ఆటలాడినా ఒక్క పాయింటు కూడా నా పేరున ఉండదు.

నాన్నకు ఎడమచేతి హుక్ షాట్ అని ఒకటి ఉండేది. ఒళ్లు పక్కకు తిప్పి, చేతిని తల మీదుగా తెచ్చి వదిలేవాడు. నేర్పమని నేనడిగితే, "గార్డువి, నీకెందుకమ్మా?" అన్నాడు. వెర్నా మా జట్టులో ఫార్వర్డ్, తనకు రోజూ సాయంత్రం గ్యారేజిలో అదే నేర్పుతున్నాడు. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తూ ఆ బంతి చప్పుడు వింటాను. తర్వాత బొగ్గుల కొట్టం వెనక ఒక్కదాన్నే అదే షాట్ వేసుకుంటాను.

ఆ రోజు భోజనంలో నాన్న కోడికాలు వెర్నా కంచంలో వేశాడు.

"మన పిల్లకు పెట్టొచ్చుగా అల్లుడూ?" అంది అమ్మమ్మ.

"మంగళవారం ఫైనల్ అత్తయ్యా. వెర్నా పరిగెత్తాలి."

"ఆర్లిస్ పాకుతుందా?" అంది అమ్మమ్మ నన్ను చూపిస్తూ.

అందరూ నవ్వారు. వెర్నా కూడా. అప్పుడు నాకెక్కడ లేని ధైర్యం వచ్చింది. ఫార్వర్డ్ జోయిస్‌కు గవదబిళ్లలు వచ్చాయి. ఫైనల్‌లో ఆ చోటు ఖాళీ.

"జోయిస్ చోటు నాకివ్వు నాన్నా," అన్నాను.

"నువ్వు గార్డువి."

"ఒక్కసారి చూసి చెప్పు."

నాన్న కంచం పక్కకు నెట్టి లేచాడు. "సరే. వెర్నా అడ్డుకుంటుంది. వేసి చూపించు, చోటు నీది."

కారును వాకిట్లోకి తీసి, గ్యారేజి తలుపు తెరిచే ఉంచాడు. గోడకు బిగించిన రింగు కింద వెర్నా నా ఎదుట చేతులు చాపి నిలబడింది. నేను పక్కకు తిరిగి, చేతిని తల మీదుగా తెచ్చి వదిలాను. నాన్న షాటే! ఆయన కనుబొమలు పైకి లేచాయి. బంతి రింగుకు తగిలి వెనక్కొచ్చింది. వెర్నా కన్నా ముందు ఎగిరి అందుకున్నాను. రింగు నా నెత్తి మీదే ఉంది. ఎదురుగా ఎవరూ లేరు.

నా కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. గార్డుకు బంతి దొరికితే చేసే పనే చేశాను. గీత ఉండాల్సిన వైపు బంతిని రెండడుగులు తెచ్చి, అవతల ఉండాల్సిన ఫార్వర్డ్‌కు బలంగా విసిరాను. అవతల మంచులో మా కారు ఉంది. బంతి దాని ముందు అద్దానికి తగిలి ఎగిరింది.

"ఎవరికే ఆ పాస్? కారుకా?" అని వెర్నా పడీ పడీ నవ్వింది.

నాన్న నవ్వలేదు. "ఎంత బాగా అందుకున్నావు! జిల్లా మొత్తంలో నీలాంటి గార్డు లేదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట కోసం ఎంతకాలం చూశానో. ఇప్పుడెందుకు?

నేను మంచులోంచి బంతి తెచ్చేసరికి వెర్నా ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది. "కోచ్ గారూ, ఇంకొక్కసారి చూడండి. హుక్ నాకన్నా బాగా వేసింది. నాకోసం."

ఆయన మెత్తబడుతున్నాడు. నాకు కనిపిస్తూనే ఉంది. తన కోసమట!

"మా నాన్న దగ్గర నాకు నువ్వు ఇప్పించేదేంటి?" అన్నాను. "పొలం దారి తెరిచారుగా, మీ ఇంటికి పో."

వెర్నా ముఖం ఎర్రబడింది. నాన్న గొంతు మారిపోయింది.

"జట్టులో పిల్లతో ఇలాగేనా మాట్లాడేది? మంగళవారం నువ్వు గార్డువే. లోపలికెళ్లి అమ్మకు సాయం చెయ్యి."

"నాన్నా, నేను..."

ఆయన నా చేతుల్లోంచి బంతి తీసుకున్నాడు. "వెర్నా, ఇటు రా. భుజం చూడు," అంటూ ఒళ్లు పక్కకు తిప్పాడు. రెండు చేతుల్లోనూ బంతి ఉంది. బయట మంచులో ఉన్న నా వైపు తిరక్కుండానే, మడమతో గ్యారేజి తలుపు మూసేశాడు.