సలోమి చేసిన పొదిగే పెట్టె

నేను ఒక పొదిగే పెట్టెను. అంతకు ముందు ఫ్రిజ్‌ని. మాచర్ల పోయే దారిలో ఒక షాపులో కూల్‌డ్రింకు సీసాలు చల్లబరుస్తూ బతికాను. చల్లగా ఉన్నంతకాలం షాపువాడు నన్ను రోజూ తుడిచాడు. మోటారు కాలిపోయిన మర్నాడే ఎండలోకి నెట్టేశాడు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి పనికొచ్చేవన్నీ ఊడబెరుక్కుని డొల్లను వదిలేసి పోయారు. తరవాత షాపువాడు నా మీద గోనెసంచులు ఆరేసుకునేవాడు. మనుషుల మీద నాకు కోపం మొదలైంది అక్కడ. అది తగ్గే అవకాశం వాళ్లు నాకు ఇవ్వలేదు.

నన్ను ఊరికి తీసుకొచ్చింది సలోమి. ఊరి చివర కాలనీలో ఉంటుంది, మిరప చేలల్లో కాయలు కోసే పనికి పోతుంది. అంతకు ముందు వేసవిలో కాలనీకి కొక్కెర తెగులు తగిలింది. కోళ్లు మెడలు వాల్చి ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. పెట్ట అన్నది మిగల్లేదు. ఆ ఇళ్లలో కోడి అంటే పిల్లల నోట్లోకి గుడ్డు, జ్వరం వచ్చినవాళ్లకు పులుసు, చుట్టం వస్తే కూర. చుట్టాల ఊళ్ల నుంచి గుడ్లు తెచ్చుకోవచ్చు. వాటి మీద కూర్చునే పెట్ట ఏది?

సలోమి ఫోన్లో వీడియోలు చూసి నన్ను చేసింది. లోపల బల్బులు పెట్టింది. పాత కంప్యూటరులోంచి తీసిన చిన్న ఫ్యాను బిగించింది. అడుగున తేమ కోసం నీళ్ల గిన్నె, మధ్యలో జాలీ పరిచిన చట్రం, లోపలికి చూడటానికి తలుపులో అద్దం ముక్క. వైర్లు కలిపింది ఆమె భర్త జక్రయ్య. ఊళ్లో పెద్ద రైతు పున్నారావు గారి ట్రాక్టరు తోలేవాడు, కరెంటు పని కూడా వచ్చు. వేడి ఎక్కువైతే బల్బులు వాటంతట అవే ఆరిపోయేలా అమర్చి, అది పనిచేస్తుంటే అద్దంలోంచి చూసి మురిసిపోయాడు. ఆ రోజుల్లో అతనంటే నాకు ఇష్టమే.

మొదటిసారి వేడి మించి గుడ్లు ఉడికిపోయాయి. రెండోసారి కరెంటు పోయి చల్లారిపోయాయి. మూడోసారి ఒక పిల్ల పెంకు పగలగొట్టుకుని తడితడిగా బయటపడింది. పక్కింటి నిరీక్షణ అద్దానికి ముక్కు ఆనించి, "ఇనప్పెట్టె కన్నదే దీన్ని" అంది. సలోమి చేట నిండా ఊక పోసి, పైన బల్బు వేలాడదీసి, దాన్నీ, దాని వెనకే పుట్టిన పిల్లలనూ అందులోకి మార్చింది. ఆ బల్బు కింద అవి తోసుకుంటూ ఒక ముద్దగా పడుకునేవి.

ఆ తరవాత కాలనీ ఆడవాళ్లందరూ గుడ్లు తెచ్చారు. ఎవరివి ఏవో తెలియడానికి పెంకుల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టారు. చట్రం నిండిపోయింది. రెండు వారాలు దాటాక సలోమి ఒక్కో గుడ్డును టార్చి ముందు పట్టుకుని చూసింది. ఎర్రటి నరాల మధ్య నల్లటి నీడలు కదులుతున్నాయి. ఇంకొక్క వారం ఆగితే పిల్లలు.

ఆ వారంలోనే పున్నారావు గారు వచ్చాడు. ఆయనకు పందెం కోళ్లంటే పిచ్చి. ఎక్కడి నుంచో మేలుజాతి గుడ్లు తెప్పించాడు. ఊళ్లో మిషను ఉందని, అది తన డ్రైవరు ఇంట్లోనే ఉందని విన్నాడు. సలోమి చేలో ఉన్న వేళ చూసుకుని, అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇయ్యి ఇయ్యాళే పెట్టాలిరా" అన్నాడు.

"చోటు లేదయ్యా. ఇంకో వారం ఆగితే..."

"చోటు చేస్తే వస్తది. అయ్యి తియ్యి."

జక్రయ్య నా తలుపు తీశాడు. కాసేపు అట్లాగే నిలబడ్డాడు. అప్పుడైనా తలుపు వేస్తాడనుకున్నాను. వేయలేదు. ఒక్కొక్క గుడ్డూ తీసి గంపలో వేసి, గంపను బయట పంచలో పెట్టాడు. ఒక గుడ్డు చేయి జారింది. పగిలిన పెంకులో రెక్కలు, ముక్కు, మూసిన కళ్లు అన్నీ ఏర్పడిన పిల్ల. అది రెండుసార్లు కదిలింది. పున్నారావు గారు చెప్పు కొనతో దాన్ని పక్కకు నెట్టి, "కాలు జారుద్ది, తుడిచెయ్యి" అన్నాడు.

నా కోపం ఏమని చెప్పను? నాకు తలుపు ఉంది కానీ వేసుకునే చేయి లేదు. వేడి ఉంది కానీ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు లేదు. ఆ మేలుజాతి గుడ్లకు నా బల్బులు సిగ్గులేకుండా వేడి పోస్తూనే ఉన్నాయి. పంచలో ఉన్న గుడ్లలో ప్రాణాలు ఎవరి దయా లేకుండా పడి ఉన్నాయి. చేసినవాడు బీడీ ముట్టించుకుని ట్రాక్టరు ఎక్కాడు. చేయించినవాడు మీసం సవరించుకుంటూ పోయాడు.

పక్కింటి గుమ్మంలోంచి అంతా చూసిన నిరీక్షణ చేలోకి పరుగెత్తింది. సలోమి మిరపకాయల ఘాటు చేతులతోనే వచ్చింది. చేతులు కడుక్కుని ఒక్కో గుడ్డునూ చెంపకు ఆనించి చూసింది. పల్నాటి ఎండ వాటిని పూర్తిగా చల్లారనివ్వలేదు. మనుషులు చేయని పని ఆ వడగాలి చేసింది. ఆమె పున్నారావు గారి గుడ్లన్నీ జాగ్రత్తగా తీసి, ఆయన అట్టపెట్టెలోనే ఊక మధ్య సర్ది, కాలనీ గుడ్లను నా లోపల పెట్టి తలుపు వేసింది. తరవాత అట్టపెట్టె ఎత్తుకుని ఆయన ఇంటికి నడిచింది. అక్కడ జరిగింది వెంట వెళ్లిన నిరీక్షణ ఎన్నిసార్లు చెప్పిందో, నాకు ప్రతి మాటా గుర్తుంది.

"మీ గుడ్లు తెచ్చానయ్యా. ఒక్కటి కూడా పగల్లా."

"ఎవురు తియ్యమన్నారు నిన్ను?"

"మావి ఎవురు తియ్యమన్నారో ఆయన్నే అడగండి."

"నీ మొగుడు ఎవురి బండి తోలతన్నాడో గుర్తుందా?"

"గుర్తుంది. బండి మీది. మిషను నాది. గుడ్లు వాళ్లయ్యి." ఆమె అట్టపెట్టెను అరుగు మీద పెట్టింది. "ఈ గుడ్లలో ఉన్న పిల్లలకి మీరెవురో తెలవదు. వాటి మీద నాకు కోపం లేదు. అందుకే జాగర్తగా తెచ్చా."

సాయంత్రం జక్రయ్య ఇంటికి వచ్చాడు. సలోమి అరవలేదు. నాకు మాత్రం ఆమె అరిస్తే బాగుండుననిపించింది.

"పగిలిందంట ఒకటి" అంది.

"జారింది."

"పిల్ల కదిలిందంట."

జక్రయ్య తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

"నువ్వు చూశావా?"

"చూశా."

"చూసి కూడా మిగతాయి తీశావా?"

"ఆయన ఎదురుగా నిలబడ్డాడే. నన్నేం చెయ్యమంటావు?"

"తలుపు ఎయ్యమంటా" అంది సలోమి.



మర్నాడు జక్రయ్య ట్రాక్టరు పని పోయింది. ఆ వెనకే కరెంటాయన వచ్చి, ఇంటి కరెంటుతో వ్యాపారం చేస్తున్నారని స్తంభం మీద వైరు తప్పించి పోయాడు. ఎవరు చెప్పి పంపారో అడగాల్సిన పని లేదు. ఊళ్లో ఇంటి కరెంటుతోనే ఆడే పిండిమర ఉంది, వెల్డింగు షాపు ఉంది, ఇళ్ల ముందు ఇస్త్రీ బళ్లున్నాయి. కరెంటాయన కంటికి ఆనింది నాలోని బల్బులే. నా ఫ్యాను ఆగింది. అద్దం మీద తేమ పట్టి చుక్కలుగా జారింది.

సలోమి నా గోడను వేళ్లతో తట్టి చూసింది. తరవాత నిరీక్షణతో, "దీని గోడల్లో చల్లదనం బయటికి పోకండా దూది లాంటిదేదో పెట్టి ఉంటారు. వేడి కూడా పోదు గదా. పొయ్యి ముట్టియ్యి" అంది.

ఇంటింటా నీళ్లు కాచారు. ప్లాస్టిక్ సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత లుంగీలు చుట్టి నా లోపల పేర్చారు. ఒకరి సీసాలు చల్లారేలోపు ఇంకొకరు తెచ్చేవాళ్లు. పున్నారావును తిట్టుకుంటూ తెచ్చారు. జక్రయ్యను మొహం మీదే తిట్టారు. అతను మాట పడుతూనే కట్టెలు కొట్టాడు, బిందెలు మోశాడు. నా తలుపు దగ్గరికి మాత్రం సలోమి అతన్ని రానివ్వలేదు. నాకూ రానివ్వాలని లేదు.

పిల్లలు లేచాయి. అన్నీ లేవలేదు. చట్రంలో సగం గుడ్లు అలాగే ఉండిపోయాయి. ఒక పిల్ల పెంకుకు చిన్న కన్నం పొడిచి, ముక్కు బయటపెట్టి, అక్కడే చనిపోయింది. సలోమి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బతికినవాటిని చేటలో, వేడి సీసా చుట్టూ ఊకలో వదిలారు. ఎవరి గుర్తున్న గుడ్డు లేచింది, ఎవరిది లేవలేదు అని ఆడవాళ్లు చూడలేదు. ప్రతి ఇంటికీ ఏదో ఒకటి అందేలా పంచుకున్నారు.

తరవాత వాళ్లంతా కలిసి కరెంటాఫీసుకు వెళ్లారు. ఏ రూలు కింద తీశారో చూపించమని గుమ్మంలో కూర్చున్నారు. చూపించడానికి రూలు లేదు. కరెంటాయన వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా వైరు కలిపి పోయాడు.

ఇప్పుడు జక్రయ్య అద్దె ఆటో తోలుతున్నాడు. నా తలుపు మడతబందు విరిగింది, బల్బులు తీసేశారు. పంచలో ఒక మూల నిలబడి ఉన్నాను. ఆ పిల్లల్లో బతికిన ఒక పెట్ట పెరిగి పెద్దదై, నా పక్కనే గంపలో గుడ్లు పొదుగుతూ కూర్చుంది. ఇక నాతో వాళ్లకు అవసరం లేదు. అందుకు నాకు బాధ లేదు.

నిన్న జక్రయ్య గుడ్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఆ పెట్ట కిందికి చేయి పెట్టాడు. అది ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఒక్క ఉదుటున లేచి, అతని బొటనవేలి పక్కన చర్మం ఊడేలా పొడిచింది. అతను చేయి వెనక్కి లాక్కున్నాడు. రక్తం వచ్చింది. గుమ్మంలోంచి సలోమి చూసింది. పసుపు తెచ్చి అద్దలేదు, ఏమైందని అడగలేదు. జక్రయ్య వేలు నోట్లో పెట్టుకుని పెట్ట వంకే చూస్తూ నిలబడ్డాడు. అది అతని మీద నుంచి కళ్లు తిప్పకుండా, పక్కకు దొర్లిన గుడ్డును ముక్కుతో లోపలికి లాక్కుని, దాని మీద కూర్చుంది.