జడ్జిగారి నాలుక

పోయిన జూన్‌లో డెంజిల్ పాస్కోని పట్టిన జలుబు జూలైలో వదిలింది గానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. మామూలు మనిషికైతే ఇదేమంత నష్టం కాదు. చెత్తబండి వెనక నడిచేటప్పుడు లాభం కూడాను. కానీ డెంజిల్ ఇరవై రెండేళ్ళుగా పేస్టీల పోటీకి జడ్జి. మాంసం, బంగాళాదుంప, టర్నిప్, ఉల్లిపాయ పచ్చివే కోసి, పిండిలో పెట్టి, కజ్జికాయలా మడిచి, అంచు అల్లి కాల్చితే పేస్టీ. రాగి గనుల్లో పనిచేయడానికి ఓడలెక్కి వచ్చిన ముత్తాతలు దాన్ని తిని బతికారు. వాళ్ళ మునిమనవలు దాని గురించి పోట్లాడుకుంటూ బతుకుతున్నారు. కడీనా, వాలరూ, మూంటా మూడూళ్ళలోనూ ఆ పోట్లాటలో డెంజిల్ మాటే ఆఖరి మాట.

వాసన పోయిన సంగతి అతని భార్య గ్లెనిస్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే, "వచ్చేసింది గ్లెన్, ముక్కు పనిచేస్తోంది," అని ప్రకటించాడు. పోటీ మే నెలలో. జడ్జిగా ఉంటాడో లేదో శనివారంలోగా చెప్పమని కమిటీ కార్యదర్శి మెర్విన్ రెండుసార్లు ఫోన్ చేశాడు.

గ్లెనిస్ నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకో కారణం ఉంది, అదే ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. జడ్జి ఇంటివాళ్ళు పోటీకి పేస్టీ పెట్టకూడదని నియమం. తనకంటే నాసిగా చేసేవాళ్ళు రిబ్బన్లు పట్టుకెళ్తుంటే ఇరవై రెండేళ్ళు చప్పట్లు కొట్టింది. డెంజిల్ కుర్చీ దిగితే తప్ప ఆమెకి మోక్షం లేదు. అందుకే తన అనుమానం మీద తనకే అనుమానం.

ఇంటి వంటతో పరీక్ష పెట్టి లాభం లేదు. నలభై నాలుగేళ్ళుగా తింటున్నవాడికి ఆ రుచులన్నీ కంఠతా వచ్చు. ఎన్నడూ నోట పెట్టనిది పెట్టాలి. ఆ ఇంట్లో మిరియాలకి మించిన మసాలా ఎరగరు. ఊరికో ఇండియన్ హోటల్ ఉన్నా, ఈ మొగుడూ పెళ్ళాలు గడప తొక్కలేదు.

"మూడింట్లోనూ తిందాం. ఎవరి కాగితం మీద వాళ్ళం ఏం రుచి తెలిసిందో రాసుకుందాం. తర్వాత చూద్దాం," అంది గ్లెనిస్.

"అంటే నాకే పరీక్ష పెడుతున్నావన్నమాట."

"జడ్జిని అప్పుడప్పుడూ జడ్జి చేయాలి. ఒప్పుకుంటావా, లేదా?"

"ఓడిపోతే నేనే మెర్విన్‌కి చెప్తా. మాటంటే మాటే," అన్నాడు డెంజిల్.

మంగళవారం మధ్యాహ్నం కడీనా హోటల్లో మొదట సమోసా వచ్చింది. డెంజిల్ దాన్ని తినలేదు, తిరగేశాడు. కళ్ళజోడు సవరించుకుని అంచు చూశాడు, అడుగు తట్టి చూశాడు, కత్తితో రెండుగా కోశాడు.

"అంచు అల్లలేదు, ఊరికే నొక్కారు. బంగాళాదుంప ముక్కలుగా కోయాల్సింది, చిదిమేశారు. టర్నిప్పే లేదు. పదికి నాలుగు."

"అది పేస్టీ కాదురా నాయనా!"

"కాకపోతే ఆ ఆకారం ఎందుకు మరి?"

ఇద్దరూ ఒకటే కూర, ఎవరిది వాళ్ళు విడిగా తెప్పించుకుని, అన్నం ఒక పళ్ళెంలో, కూర ఒక పళ్ళెంలో పెట్టుకుని, నాన్‌ని కత్తీ ఫోర్కుతో కోసుకు తిన్నారు. వడ్డించే అబ్బాయికి అది రోజూ చూసేదే. గ్లెనిస్ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది, మెనూలో పేర్లు డెంజిలే చదివి చెప్పాడు. తిన్నాక ఆమె రాసింది: "తీపి. మెత్తగా ఉంది. బాగుంది." అతను తన కాగితం చదివి వినిపించాడు: "జీడిపప్పు, మీగడ, ఏలకులు, ఎండు మెంతాకు, లీలగా బొగ్గుల పొగ."

బుధవారం వాలరూలోనూ అదే వరస, మెనూ మళ్ళీ డెంజిలే చదివాడు. సమోసాకి పదికి అయిదు. ఆమె "పుల్లగా, ఎర్రగా" అని రాస్తే అతను కొబ్బరిపాలూ సోంపూ దాల్చినచెక్కా పేరుపేరునా పట్టేశాడు. గ్లెనిస్‌కి సంతోషం వేయాలి. వేయలేదు. వేయనందుకు సిగ్గేసింది. దారి పొడుగునా కిటికీలోంచి గోధుమ చేలు చూస్తూ కూర్చుంది.

గురువారం మూంటా. హోటల్ నడిపేది సుభాషిణి అని ఒంగోలు మనిషి. ఆ పూట వండినవి గోడమీద నల్లబల్లపై సుద్దముక్కతో రాసుంటాయి, పేర్లు మాత్రమే. డెంజిల్ ఆ బల్లకేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచివెళ్ళి దాన్ని పక్కనుంచి తొంగిచూశాడు.

"వెనకేం లేదండీ," అంది సుభాషిణి.

"ఏ కూరలో ఏం వేస్తారో రాయరా?"

"రాస్తే వంటెప్పుడు చేయను? గోంగూర మాంసం తినండి. కారం తగ్గించే వేస్తాలెండి."

ఒంగోలు మనిషి కారం తగ్గించడమంటే ఎంత తగ్గించినట్టో తిన్నవాళ్ళకే తెలియాలి. రెండో ముద్దకి గ్లెనిస్ ముక్కు కారింది. అయినా ఆపలేదు. వేగిన వెల్లుల్లి, ఎండుమిరప కమురు, ఏదో పుల్లటి ఆకు, అడుగున మాంసం వాసన. రాస్తూ పోతే కాగితం సగం నిండింది. తలెత్తి చూసేసరికి డెంజిల్ పెన్సిల్ పక్కన పెట్టేశాడు. అతని కాగితం మీద మూడే మాటలు: "పులుపు. ఉప్పు. కారం."

"అంతేనా?"

"అంతే. నాలుకకి తెలిసేవి అవే. మిగతావన్నీ ముక్కు సొమ్ము."

"మరి మొన్నటి ఏలకులు?"

"మెనూలో ఉన్నాయి. పేరు కింద చిన్న అక్షరాలతో."

"ఓరి దొంగ సచ్చినోడా!"

"నేనేం చేయను గ్లెన్? వాళ్ళు పాపం మర్యాదస్తులు, అన్నీ రాసిపెట్టారు."

గ్లెనిస్‌కి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఇంకోటి తట్టింది.

"మరి నా పేస్టీలు? వారం వారం తిని, ‘ఈసారి మిరియాలు కాస్త తగ్గాయి’ అంటున్నావుగా?"

డెంజిల్ నీళ్ళు తాగాడు. "ఏదో ఒక వంక పెట్టకపోతే నీకు తెలిసిపోదూ? జూన్ నుంచీ అట్టముక్క తిన్నట్టే ఉంది. నీ చేతి రుచి ఎలా ఉండేదో గుర్తు చేసుకుని తింటున్నా. ఈమధ్య అదీ సరిగ్గా గుర్తు రావట్లేదు."

ముక్కు వచ్చిందన్నప్పటి నుంచీ, నమ్మకపోయినా, ఆమె అతని మాట విని మిరియాలు పెంచుకుంటూ పోయింది. పోయిన వారం పక్కింటావిడ ఒకటి తిని మూడు గ్లాసుల నీళ్ళు తాగింది.

సుభాషిణి వచ్చి, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

"నాకు అందింది మూడో వంతేనమ్మా," అన్నాడు డెంజిల్. "ఆ మూడో వంతు మాత్రం మూడూళ్ళలో ఫస్టు."

మెచ్చుకున్నాడో వంక పెట్టాడో తేలక ఆమె నవ్వి వెళ్ళిపోయింది. డెంజిల్ ఫోన్ తీశాడు.

"మెర్వ్, నేనే. వేరే జడ్జిని చూసుకో... ముక్కు పోయిందిరా, ఇంకేముంది... ఆగాగు, పెట్టేయకు. పోటీలో ఒక పేరు రాసుకో. గ్లెనిస్ పాస్కో." ఫోన్ చేత్తో మూసి ఆమె వైపు వంగాడు. "ఇక నీకు అడ్డెవరు? గెలుస్తావు. నా మాట నమ్ము."

గెలుస్తానని ఆమెకి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా మనసులో గెలుస్తూనే ఉంది. వరసగా పళ్ళేలు, దేనిమీదా పేరుండదు. డెంజిల్ ఒక్కోటీ కొరుకుతూ వచ్చి ఆమె పేస్టీ దగ్గర ఆగిపోతాడు. ఎవరిదో తెలియకుండానే ఇదే ఫస్టు అంటాడు. ఆ ఊహలో ఆ కుర్చీలో ఇంకో మనిషి ఏనాడూ కూర్చోలేదు.

"ఏమంటావు? మెర్విన్ లైన్లో ఉన్నాడు," అన్నాడు డెంజిల్.

గ్లెనిస్ రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుంది.

"రాసుకోమను," అంది.