చెల్లెలికి రాసిన బిల్లు

ప్రెస్సాయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. కాగితం లారీ ఆలస్యమైతే కోపం, మిషను మొరాయిస్తే కోపం. ఒక్క చెల్లెలి మీద మాత్రం ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. అలాంటిది ఆవిడ ఆ రోజు షాపులోకొచ్చి, "అన్నయ్యా, ఇప్పటిదాకా వేసిన కరపత్రాలకీ పోస్టర్లకీ బిల్లు రాయి" అనేసరికి ఒంటికాలి మీద లేచాడు.

"బిల్లా? నీకా? చెల్లెలి దగ్గర డబ్బులు గుంజేంత దిక్కుమాలినవాణ్ణయిపోయానా?"

"డబ్బులిస్తానని నేననలేదుగా. ఎంతవుతుందో రాయమంటున్నా, అంతే."

ఆవిడ స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎత్తేస్తారని తెలిసినప్పటి నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. దేశమంతా ఎన్నికల హడావిడి. ఆవిడ ఏ పార్టీలోనూ చేరలేదు, పోటీకీ దిగలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని కూడగట్టి, వార్డు ఉంచుతామన్నవాళ్ళకే ఓటెయ్యమని ప్రచారం మొదలుపెట్టింది. అలా సొంతంగా ప్రచారం చేసేవాళ్ళు కూడా ఎన్నికల ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి, ఖర్చు హద్దు దాటకూడదు, అంతా అయ్యాక లెక్క అప్పజెప్పాలి. ఆ లెక్క కింద సంతకం పెట్టాల్సింది ఆవిడే. అందులో అబద్ధముందని తేలితే ప్రచారం పరువు గంగలో కలుస్తుంది, ఆవిడ ఉద్యోగానికీ ఎసరొస్తుంది.

"ఊరికే ఇచ్చినదానికి లెక్కేంటే?" అన్నాడు ప్రెస్సాయన.

"ఊరికే ఇచ్చిందీ ఖర్చు కిందే లెక్క. బయటివాళ్ళకైతే ఎంత తీసుకుంటావో అంతా చూపించి, ఇచ్చినవాళ్ళ పేరు రాయాలి. లేకపోతే డబ్బున్న మారాజులు తమకి నచ్చినవాళ్ళకి అన్నీ ఊరికే ఇచ్చేసి, ఎన్నికనే కొనేసుకోరూ?"

"సరేలే తల్లీ, కాగితం ఖరీదు రాసిస్తా."

"కాగితం, సిరా, కూలి, నీ లాభం. అన్నీ రాయాలి."

లాభమట! ప్రెస్సాయన మొహం మాడిపోయింది. ఆయన గారి అసలు బాధ వేరే ఉంది. లోపలి గదిలో ఒక పెద్ద బ్యానర్ చుట్టి పెట్టి ఉంది. ఆ వార్డులో పుట్టినవాళ్ళ ఫొటోలు ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చి, రంగులు తనే కలిపి, చెల్లెలికి తెలియకుండా వేశాడు. చివరి వారంలో షాపు మీద కట్టి చెల్లెల్ని ఆశ్చర్యపరుద్దామని ఆయన సరదా. ఇప్పుడిక దాచి లాభం లేదని దాన్ని తెచ్చి నేల మీద పరిచాడు.

చెల్లెలు దాని పక్కనే కూర్చుంది. వంగి ఒక్కో మొహాన్నీ చూసింది. "ఎంత బాగుందో అన్నయ్యా," అంది చివరికి. "కానీ కట్టకూడదు. మిగతావాటికి నువ్వు సరైన ధర రాస్తే, ఖర్చు హద్దు వాటితోనే నిండిపోతుంది."

"నా షాపు, నా గోడ! నేను కట్టుకుంటే ఎవడడుగుతాడు?"

"ఇద్దరం అనుకుని చేసింది నా లెక్కలోకే వస్తుంది. నాకు తెలియదని చెప్పమంటావా?"

ప్రెస్సాయన మూతి ముడుచుకుని ఇంటికెళ్ళాడు. భోజనం దగ్గర కంచంలో కెలుకుతూ కూర్చుంటే, సంగతంతా రాబట్టిన భార్య, "ఏమండీ, నిండా ఇచ్చినవాళ్ళు సగమే ఇచ్చామని చెప్పుకోవడమేంటి?" అంది. "అయినా సంతకం పెట్టేది మీరా, ఆ పిల్లా? రేపు తలొంచుకోవాల్సొస్తే ఆ పిల్లేగా!"

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు సణుక్కుంటూనే బిల్లు రాశాడు, కరపత్రాలు మడతపెట్టిన కూలితో సహా. బ్యానర్ మళ్ళీ చుట్టేశాడు. చుట్టేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనుషులు డబ్బు తీసుకోకుండా ఇంటింటికీ తిరిగి ప్రచారం చేస్తే అది ఖర్చు కాదని చెల్లెలు చెప్పడంతో, కుర్చీ వదలని ఆ మహానుభావుడు చివరి వారమంతా ఆవిడ వెనకే వీధులన్నీ తిరిగాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి.

వార్డు ఉంచుతానన్నాయనే గెలిచాడు. సంబరం తీరకముందే ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు పడేశాడు, అన్న ప్రెస్సులో అంతా ఊరికే వేయించుకుని టీచరమ్మ తప్పుడు లెక్క చూపించిందని. ఎన్నికల అధికారి ఇద్దర్నీ పిలిపించాడు. ప్రెస్సాయన మిగతా గిరాకీల బిల్లులు కూడా పట్టుకెళ్ళాడు. అధికారి వాటిని చెల్లెలి బిల్లు పక్కన పెట్టి, ఒక్కొక్కటే సరిచూశాడు.

"ఏమిటండీ, సొంత చెల్లెలికి కూడా ఏమీ తగ్గించలేదు?"

"తగ్గించి రాస్తే ఆవిడ చేత అబద్ధానికి సంతకం పెట్టించినట్టేగా సార్."

"ఇవి కాక ఇంకేమైనా వేశారా?"

చెల్లెలు అన్న వంక చూసింది. ప్రెస్సాయన నీళ్ళు నమల్లేదు. "వేశాను సార్. ఒక పెద్ద బ్యానర్. నా చేత్తో అంత మంచి పని ఇంకోటి చెయ్యలేదు. కట్టలేదు. కడితే హద్దు దాటుతుందని ఈవిడ ఒప్పుకోలేదు."

"వాడనిది ఖర్చులోకి రాదు," అన్నాడు అధికారి. "మీ లెక్క సరిగ్గా ఉందమ్మా. ఫిర్యాదు కొట్టేస్తున్నాను. ఇక వెళ్ళొచ్చు."

చెల్లెలు కదల్లేదు. "సార్, అది కూడా రాయండి."

"ఏమని?"

"బ్యానర్ ఉండి కూడా మా అన్నయ్య కట్టలేదని."

అధికారి ఇబ్బందిగా కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "అలాంటివి రాయడానికి ఇందులో చోటు లేదమ్మా."

ఆవిడ తలెత్తి, పక్క బల్లల వాళ్ళకి కూడా వినపడేలా అంది. "పోనీ మీరైనా గుర్తుపెట్టుకోండి సార్. ఈయన మా అన్నయ్య."