బుట్ట ఎవరికి వంగుతుంది

పొద్దున్నే షెడ్డులో మొదటి పని కోడలిది. కొత్తగా తయారై వరసలో నిలబడ్డ వ్యాన్ల ముక్కు తుడిచి, కంపెనీ బిళ్ళ పెట్టి, మరలు బిగిస్తుంది. ఆ షెడ్డు సామాన్యమైందా? ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు భోజనాలయ్యాక చిరంజీవ అనేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఆ పిల్ల మరలు గుప్పిట్లో పట్టుకుని ఊరికే నిలబడిపోయింది.

“బిళ్ళలు రాలేదత్తయ్యా.”

వ్యాను కిందనుంచి అత్తగారి తల బయటికొచ్చింది. ఆవిణ్ణి అందరూ కొలతలత్త అంటారు. పెళ్ళికి ముందు మొగుడి భుజాలు టేపుతో కొలిచి, గుమ్మంలో పట్టేస్తాడని తేలాకే సరేనన్న మనిషి.

“వస్తాయిలేవే.”

“ఎక్కడొస్తాయి? పోయినసారి యజమాని మారినప్పుడు జీతాలకన్నా ముందు బిళ్ళలొచ్చాయి. ఈయన కంపెనీ కొన్నాడు గానీ బిళ్ళ పంపలేదంటే, ఇక బుట్ట వద్దనేగా? ఇవాళ వస్తున్నాడట, ఆపేయమని చెప్పడానికే.”

కొలతలత్త తల మళ్ళీ వ్యాను కిందికి పోయింది. ఆవిడ సుత్తి చప్పుడుకి యంత్రాలు కూడా ఉలిక్కిపడ్డాయి.

బుట్ట అంటే ఆ వ్యానే. కాగితాల మీద ఒక్కో యజమాని ఒక్కో పేరు పెట్టాడు గానీ, జనానికి అదెప్పుడూ బుట్టే. మొదటి యజమాని పెద్దాయన కాలంలో దానికి కర్రతో నమూనా చేసినవాళ్ళలో కొలతలత్త ఒకతె, అప్పుడు పడుచుపిల్ల. సామాన్లెక్కించే గడప ఎంత ఎత్తుండాలో తేలక, పిండిబస్తా భుజానేసుకుని పొద్దస్తమానం ఎక్కీ దిగీ, చివరికి విసుగొచ్చి, “కాస్త వంగితే నీ సొమ్మేం పోయిందే?” అంది.

వంగింది. బుద్ధిగా, గడప ఆవిడ మోకాళ్ళకి వచ్చేదాకా. పెద్దాయన చూసి, “బావుంది, అలాగే ఉంచండి,” అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ బరువు మోసుకొచ్చినవాళ్ళకి ప్రతి బుట్టా వంగుతూనే ఉంది.

పెద్దాయన కొడుకులకి ఒకరంటే ఒకరికి పడక కంపెనీ అమ్మేశారు. రెండో యజమాని వెనకున్న ఇంజన్ని ముందుకి తెచ్చి, పక్కకి జరిగే తలుపు పెట్టించాడు. మూడోవాళ్ళు పొడుగు పెంచి, పొగ లేకుండా కరెంటుతో నడిపించారు. చేతులు మారినకొద్దీ బుట్టకి కళ పెరిగిందే గానీ తగ్గలేదు. రొట్టెలు మోసింది, బీరువాలు మోసింది, ఒకసారి మొత్తం బ్యాండుమేళాన్ని, వాళ్ళు వాయిస్తూ ఉండగానే, కొండెక్కించింది. ఎవరేం మార్చినా వంగే గుణం పోలేదు. ఖాళీ చేతులతో వచ్చినవాడు యజమానైనా సరే, కాలెత్తి ఎక్కాల్సిందే. ఒకనాడు కోడలు ఉత్త చేతులతో వెళ్తే మాత్రం జానెడు వంగింది. ఆ పిల్ల నెల తప్పిన సంగతి ముందు బుట్టకి, తర్వాత అత్తగారికి, అందరికన్నా ఆఖర్న మొగుడికి తెలిసింది.

కొత్తాయన మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడత మీద కూరగాయలు తరుక్కోవచ్చు. ఆయన సంచీ ఒకడు, గొడుగు ఒకడు, ఫోను ఒకడు మోస్తున్నారు. ఆయన చేతులు రెండూ ఖాళీ.

“ఇదేనా?”

“ఇదేనండి,” అంది కొలతలత్త.

“ఇక ఆపేద్దామనుకుంటున్నాం. ఒకసారి చూసి పోదామని వచ్చా.”

“చూడండి బాబూ. చూడ్డానికేం.”

ఆయన గడప ముందుకొచ్చాడు. బుట్ట వంగింది. జానెడు కాదు, మూరెడు కాదు, గడప నేలకి ఆనేదాకా. ఇనప్పెట్టె మోసుకొచ్చిన నలుగురికి కూడా అది అంత వంగలేదు. షెడ్డంతా పని ఆపింది.

“చేతుల్లో ఏం లేదు గదత్తయ్యా,” అని గొణిగింది కోడలు.

“చేతుల్లో లేదులే.” కొలతలత్త గుడ్డతో గడప దులిపింది. “కూర్చో బాబూ. ఎక్కణ్ణుంచి మోసుకొస్తున్నావో ఏమో.”

కూర్చున్నాడు. కాసేపు తన బూట్ల వంక చూసుకున్నాడు.

“మా నాన్న పోయారు. ఈ కంపెనీ కొన్న రోజే. సంతకాలైపోయాక కబురొచ్చింది. ఆ రోజునుంచి నేను కూర్చోవడం ఇదే మొదలు.”

“ఎలాంటి మనిషి?”

“నేనేం కొన్నా, ఎక్కువ పెట్టావురా అనేవాడు. పెన్సిలు కొన్నా అంతే. ఈసారి ఆ మాట అనేవాళ్ళు లేరు.”

నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. పక్క షెడ్డువాళ్ళు వానొచ్చిందనుకుని సైకిళ్ళు లోపల పెట్టుకున్నారు. కొలతలత్త ఊరుకోమనలేదు, పనిముట్ల పెట్టె మీద ఎదురుగా కూర్చుని వింటూ పోయింది. నాన్న గురక గురించి, చిరిగినా పారెయ్యని చెప్పుల గురించి ఆయన చెబుతున్నకొద్దీ బుట్ట కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది. ఆయన గమనించలేదు. తేరుకునేసరికి కాళ్ళు నేలకి అందక బడిపిల్లాడి కాళ్ళలా ఊగుతున్నాయి.

“దిగడం ఎలా?”

“ఎలాగేంటి, దూకడమే. నీకిప్పుడది వంగదు.”

దూకాడు. ఇస్త్రీ పోయింది. బయటికి పోతూ వ్యాను ముక్కు దగ్గర ఆగి, బోసిగా ఉన్న మర రంధ్రాల్ని వేలితో తడిమాడు.

“ఇక్కడేం ఉండాలి?”

“బిళ్ళండి,” అంది కోడలు. “మీరు పంపితేగా.”

ఆయన ఫోను మోసేవాడి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. “ఆపొద్దు,” అన్నాడు అవతలివాళ్ళతో. “బిళ్ళలు పంపండి.” తర్వాత సంచీ కూడా అడిగి తీసుకుని, తనే భుజానికి తగిలించుకున్నాడు.

ఆయన పక్కనుంచి నడిచి వెళ్తుంటే బుట్ట ఓ రెండు వేళ్ళు వంగింది. కొలతలత్త టేపు తీసి కొలిచింది.

“సంచీ బరువే,” అంది.

కోడలు మరలు తుడవడం మొదలెట్టింది.